రెండు లైకెన్లు, వేర్వేరు హోదాలు: అట్లాంటిక్ కెనడా అడవుల చరిత్ర నుంచి ఒక అధ్యయనం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

• ఒకే ప్రజాతికి చెందిన రెండు లైకెన్ జాతుల మధ్య పోలికలను, భేదాలను వివరించగలుగుతారు.
• ఈ జాతులు తగ్గిపోవడానికి దారితీసిన పారిశ్రామిక, ఆర్థిక కారణాలను చారిత్రక క్రమంలో చెప్పగలుగుతారు.
• ‘సంరక్షణ హోదా’ అనేది ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏ హద్దులు గీసి నిర్ణయించారన్న దానిపై ఆధారపడి ఉంటుందని ఉదాహరణలతో నిరూపించగలుగుతారు.

1. పరిచయం

పర్యావరణ చరిత్ర అనగానే మనకు పెద్దపులులు, ఏనుగులు, తిమింగలాలు గుర్తుకు వస్తాయి. వేట, అడవుల నరికివేత, చట్టాలు, అభయారణ్యాల చుట్టూ ఆ చరిత్ర నడుస్తుంది. ఈ పాఠంలో మనం చూడబోయేవి చెట్టు బెరడు మీద అరచేతిలో పట్టేంత చోటులో పెరిగే రెండు లైకెన్లు. వీటిని ఎవరూ వేటాడలేదు. మార్కెట్లో వీటికి ధర లేదు. అయినా ఇరవయ్యో శతాబ్దంలో ఇవి చాలా చోట్ల తగ్గిపోయాయి. ఎవరూ కోరుకోని ప్రాణి ఎందుకు నశిస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం కాగితపు మిల్లుల చరిత్రలో, బొగ్గు పొగ చరిత్రలో, ఒక దీవికి బయటి నుంచి తెచ్చిన జంతువు చరిత్రలో దొరుకుతుంది.

ఈ రెండు జాతుల శాస్త్రీయ నామాలు ఎరియోడెర్మా పెడిసెల్లాటమ్, ఎరియోడెర్మా మొల్లిస్సిమమ్. ఇంగ్లిషు వాడుకలో మొదటిదాన్ని బోరియల్ ఫెల్ట్ లైకెన్ అనీ, రెండోదాన్ని వోల్ ఇయర్స్ లైకెన్ అనీ అంటారు. వోల్ అనేది చిట్టెలుకను పోలిన ఒక జంతువు. దాని చెవిలాగా మెత్తగా, నూగుతో ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. రెండూ కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా, న్యూఫౌండ్‌లాండ్ ప్రాంతాలలో కనిపిస్తాయి. దగ్గరి బంధువులైన ఈ రెండింటికీ వచ్చిన హోదాలు, ఆ హోదాల వెనుక ఉన్న కారణాలు మాత్రం ఒకటి కావు. ఆ తేడా ఎలా వచ్చిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

2. లైకెన్ అంటే ఏమిటి?

మసాలా దినుసులలో వాడే రాతిపువ్వును మీరు చూసే ఉంటారు. ఒకవైపు బూడిద రంగులో, మరోవైపు నల్లగా, ఎండిన ఆకు ముక్కలా ఉండే ఆ పదార్థం లైకెనే. అది మొక్క కాదు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి జీవించడం వల్ల ఏర్పడిన దేహం. కొన్ని లైకెన్లలో శైవలానికి బదులు సయనోబాక్టీరియా భాగస్వామిగా ఉంటుంది. శిలీంధ్రం నిర్మాణాన్ని, తేమను సమకూరుస్తుంది. భాగస్వామి సూర్యకాంతితో ఆహారం తయారుచేస్తుంది. ఈ విషయాన్ని 1860ల చివరలో స్విస్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ప్రతిపాదించినప్పుడు ఆనాటి లైకెన్ పండితులలో చాలామంది అంగీకరించలేదు. ఇప్పుడది పాఠశాల పుస్తకాలలో చేరింది.

లైకెన్‌కు వేర్లు లేవు. నీరు, పోషకాలు వాన నుంచి, మంచు నుంచి, గాలి నుంచి నేరుగా దేహంలోకి వస్తాయి. వాటితోపాటే గాలిలోని విషం కూడా వస్తుంది. లియో గ్రిండన్ 1859లో మాంచెస్టర్ పరిసరాల మొక్కల గురించి రాస్తూ అక్కడ లైకెన్లు తగ్గిపోతున్నాయని గుర్తించాడు. 1866లో విలియం నైలాండర్ ప్యారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానవనంలో లైకెన్లను పరిశీలించి, వాటి ఉనికిని బట్టి గాలి స్వచ్ఛతను అంచనా వేయవచ్చని చెప్పాడు. పారిశ్రామిక విప్లవం గురించి ఫ్యాక్టరీ రికార్డులు ఒక వైపు కథ చెబితే, చెట్ల బెరడు మరో వైపు కథ చెబుతుందన్నమాట.

మన రెండు ఎరియోడెర్మా జాతులలోనూ భాగస్వామి సయనోబాక్టీరియానే. ఇలాంటి లైకెన్లు గాలిలోని నైట్రోజన్‌ను స్థాపించి అడవికి అందిస్తాయి. సల్ఫర్ డయాక్సైడ్‌ను, ఆమ్ల వర్షాన్ని తట్టుకోలేని వాటిలో ఇవి ముందు వరుసలో ఉంటాయి. ఈ విషయం గుర్తుంచుకోండి. పాఠం మిగతా భాగం దీనిమీదే ఆధారపడి ఉంది.

3. పేర్ల వెనుక చరిత్ర

1902లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వృక్షశాస్త్రవేత్త విలియం గిల్సన్ ఫార్లో, కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రానికి చెందిన క్యాంపోబెల్లో దీవిలో ఒక లైకెన్‌ను సేకరించాడు. దానిని 1911లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్ట్ హ్యూ పన్నారియా పెడిసెల్లాటా అనే పేరుతో వర్ణించాడు. ఆ తరువాత చాలా కాలం ఆ పేరు పుస్తకాలలో ఉండిపోయింది.

అట్లాంటిక్‌కు ఆవల, స్కాండినేవియాలో, స్వీడన్‌కు చెందిన స్టెన్ ఆల్నర్ కోనిఫర్ అడవుల లైకెన్లను అధ్యయనం చేస్తూ 1948లో ఒక జాతికి ఎరియోడెర్మా బోరియాలే అని పేరు పెట్టాడు. అది నార్వే, స్వీడన్‌లలోని కొద్ది చోట్ల మాత్రమే దొరికింది. నార్వేలో అది దొరికిన ట్రోండెలాగ్ ప్రాంతం పేరు దాని స్థానిక నామంలో కూడా చేరింది.

1972లో నార్వే శాస్త్రవేత్త పెర్ మాగ్నస్ యోర్గెన్సెన్ ఈ రెండూ ఒకటేనని తేల్చాడు. ఫార్లో సేకరించిన కెనడా నమూనా, ఆల్నర్ పేరుపెట్టిన స్కాండినేవియా లైకెన్ ఒకే జాతికి చెందినవి. పేర్లు పెట్టే నియమాల ప్రకారం పాత పేరులోని ‘పెడిసెల్లాటా’ నిలబడి, ఎరియోడెర్మా పెడిసెల్లాటమ్ అయింది. ఎండబెట్టి కాగితపు పొట్లంలో దాచిన నమూనా డెబ్భై ఏళ్ల తరువాత సాక్ష్యంగా పనికివచ్చింది. చరిత్రకారుడికి శాసనం ఎలాంటిదో, ఈ రంగంలో హెర్బేరియం పొట్లం అలాంటిది. మీద రాసిన తేదీ, చోటు, సేకరించినవారి పేరు లేకపోతే దానికి విలువ ఉండదు.

రెండో జాతి అయిన మొల్లిస్సిమమ్‌ను ఐరోపా శాస్త్రం పోర్చుగల్ పండితుడు గొంసాలో సంపాయియో రచనల ద్వారా ఎరిగింది. దాని ప్రస్తుత నామం స్వీడన్‌కు చెందిన డు రీట్జ్ 1926లో పెట్టినది. ‘మొల్లిస్సిమమ్’ అంటే లాటిన్‌లో ‘అతి మెత్తనిది’ అని అర్థం. ‘ఎరియోడెర్మా’ గ్రీకు మూలం నుంచి వచ్చింది. ‘ఉన్ని చర్మం’ అని దాని భావం.

4. రెండు జాతుల పోలిక

రెండింటి పైభాగంలోనూ సన్నని నూగు ఉంటుంది. రెండూ ఆకులాంటి తమ్మెలతో పెరుగుతాయి. రెండింటికీ చల్లని, తేమగల, పాతబడిన అడవి కావాలి. దూరం నుంచి చూసినవారు ఒకదాన్ని మరొకటిగా పొరబడవచ్చు. కానీ మూడు విషయాలలో అవి వేరవుతాయి.

మొదటిది, సంతానోత్పత్తి. పెడిసెల్లాటమ్ పైభాగంలో ఎర్రటి గోధుమరంగు ఫలనాంగాలు ఏర్పడతాయి. వాటి నుంచి వెలువడే బీజాలలో శిలీంధ్రం మాత్రమే ఉంటుంది. అది చెట్టు మీద పడిన చోట తగిన సయనోబాక్టీరియా దొరికితేనే కొత్త లైకెన్ పుడుతుంది. మొల్లిస్సిమమ్ మాత్రం ఎక్కువగా సొరీడియా అనే పిండిలాంటి రేణువుల ద్వారా వ్యాపిస్తుంది. ప్రతి రేణువులోనూ ఇద్దరు భాగస్వాములూ కలిసే ఉంటారు. మొదటిది ఒంటరిగా ప్రయాణమై చేరిన చోట జోడీ వెతుక్కోవాలి. రెండోది సంసారంతో సహా బయలుదేరుతుంది.

రెండోది, ఆతిథ్యమిచ్చే చెట్టు. తూర్పు కెనడాలో పెడిసెల్లాటమ్ దాదాపుగా బాల్సమ్ ఫర్ చెట్ల మీదనే కనిపిస్తుంది. నాచు పెరిగే చిత్తడి నేలల పక్కన ఉన్న చెట్లు దానికి అనువైనవి. మొల్లిస్సిమమ్ బాల్సమ్ ఫర్‌తోపాటు రెడ్ మేపుల్, ఎల్లో బర్చ్ వంటి చెట్ల మీద కూడా పెరుగుతుంది.

మూడోది, భౌగోళిక విస్తృతి. పెడిసెల్లాటమ్ ఉత్తర ప్రాంతాలకే పరిమితమైనది. మొల్లిస్సిమమ్ అలా కాదు. అది అమెరికాలోని గ్రేట్ స్మోకీ పర్వతాలలో, మధ్య, దక్షిణ అమెరికాల తేమ అడవులలో, ఐరోపా నైరుతి భాగంలో కూడా ఉంది. కెనడా దాని పరిధికి ఉత్తరపు అంచు. అంటే ఒకటి తన సొంత ఇంట్లో అరుదైనది. మరొకటి వేరే చోట్ల ఇల్లు ఉండి, ఇక్కడ అంచున నిలబడి అరుదైనది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

అ) సొరీడియాకు, బీజానికి మధ్య భేదం ఏమిటి? మీ సొంత మాటలలో మూడు వాక్యాలు రాయండి.
ఆ) ఎరియోడెర్మా బోరియాలే అనే పేరు ఎందుకు నిలబడలేదు?

5. క్షీణతకు కారణాలు

ఈ లైకెన్లు తగ్గిపోవడానికి మూడు చారిత్రక కారణాలను వరుసగా చూద్దాం.

5.1 కాగితం

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో లండన్ పత్రికలకు కాగితం చాలా అవసరమైంది. డైలీ మెయిల్ అధిపతులైన హార్మ్స్‌వర్త్ సోదరులు న్యూఫౌండ్‌లాండ్‌లో అడవుల హక్కులు పొంది గ్రాండ్ ఫాల్స్ వద్ద కాగితపు మిల్లు కట్టారు. అది 1909లో ప్రారంభమైంది. 1925లో కార్నర్ బ్రూక్ వద్ద మరో పెద్ద మిల్లు మొదలైంది. గుజ్జుకు బాల్సమ్ ఫర్, స్ప్రూస్ చెట్లు కావాలి. పెడిసెల్లాటమ్ నివసించేది ఆ ఫర్ మీదే. స్కాండినేవియాలోనూ కలప పరిశ్రమ అడవులను నిలువునా నరికి తిరిగి నాటే పద్ధతికి మారింది. ఈ లైకెన్ దొరికిన పాత స్థలాలు అక్కడ ఒక్కొక్కటిగా పోయాయి. స్వీడన్‌లో అది కనుమరుగైంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నరికిన చోట మళ్ళీ చెట్లు పెరుగుతాయి. అటవీ శాఖ లెక్కల్లో అది అడవిగానే నమోదవుతుంది. కానీ లైకెన్‌కు కావలసింది కేవలం చెట్టు కాదు, పాతబడిన చెట్టు, దాని చుట్టూ నిలకడగా ఉండే తేమ. పక్కనున్న చెట్లు కొట్టేసినా గాలి, ఎండ లోపలికి చొరబడి మిగిలిన చెట్టు మీది లైకెన్ ఎండిపోతుంది.

5.2 పొగ

బొగ్గు విద్యుత్ కేంద్రాలు, లోహ కర్మాగారాలు వెలువరించే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఆమ్లంగా మారి వానతో నేలకు చేరుతుంది. 1972లో ఒంటారియో రాష్ట్రంలోని సడ్‌బరీ నికెల్ కర్మాగారంలో 381 మీటర్ల ఎత్తైన చిమ్నీ పనిచేయడం మొదలుపెట్టింది. ఆ ఊరి గాలిని బాగుచేయడానికి దానిని కట్టారు. ఊరి గాలి బాగుపడింది, పొగ మాత్రం మరింత దూరం ప్రయాణించింది. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల విద్యుత్ కేంద్రాల పొగ కూడా గాలివాటున ఈశాన్యంగా వచ్చింది. ఆ గాలి దారిలో తూర్పు చివరన ఉన్నది నోవా స్కోషియా. అక్కడి నేల, రాయి ఆమ్లాన్ని విరిచే గుణం తక్కువగా కలవి. దక్షిణ నోవా స్కోషియా నదులు ఆమ్లీకరించి సాల్మన్ చేపలు తగ్గిపోయాయి. ఫర్ బెరడు సహజంగానే ఆమ్ల గుణం కలది కాబట్టి దాని మీది లైకెన్‌కు ఇంకొంచెం ఆమ్లం కూడా భరించరానిదైంది.

1990లో అమెరికా తన స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించింది. 1991లో కెనడా, అమెరికా వాయు నాణ్యత ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఆ తరువాత సల్ఫర్ ఉద్గారాలు బాగా తగ్గాయి. అయితే నేల కోల్పోయిన క్షార గుణం అంత త్వరగా తిరిగి రాదు.

5.3 మూస్

1904లో న్యూఫౌండ్‌లాండ్ ప్రభుత్వం న్యూ బ్రన్స్‌విక్ నుంచి రెండు జతల మూస్ జంతువులను తెప్పించి దీవిలో వదిలింది. మూస్ జింక కుటుంబంలో అతి పెద్దది. మాంసం కోసం, వేటగాళ్లను రప్పించడం కోసం ఈ పని చేశారు. 1930 ప్రాంతానికి దీవిలోని తోడేళ్లు అంతరించాయి. మూస్‌ను అదుపులో ఉంచే జంతువు లేకపోయింది. వాటి సంతతి లక్ష దాటింది. వాటికి ఇష్టమైన మేత బాల్సమ్ ఫర్ మొలకలు. మొలక దశలోనే తినేస్తే రేపటి ముదురు ఫర్ ఎక్కడి నుంచి వస్తుంది? గొడ్డలి పెద్ద చెట్టును తీసేస్తే, మూస్ దాని వారసుడిని తీసేసింది.

6. హోదాలు ఎలా వచ్చాయి?

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 1948లో ఏర్పడింది. ప్రమాదంలో ఉన్న జాతుల ఎర్రజాబితా ఆ సంఘం 1964లో మొదలుపెట్టిన కృషి. 1994లో అంకెలతో కూడిన ప్రమాణాలు వచ్చాయి. అయినా జాబితా నిండా జంతువులు, పుష్పించే మొక్కలే. 2003లో ప్రపంచ స్థాయి జాబితాలోకి రెండంటే రెండు లైకెన్లు ఎక్కాయి. ఒకటి అమెరికాలోని ఫ్లోరిడా ఇసుక నేలల క్లడోనియా పెర్ఫొరాటా. రెండోది మన పెడిసెల్లాటమ్. దానికి ఇచ్చిన హోదా ‘తీవ్ర ఆపదలో ఉన్నది’.

కెనడాలో ఈ పని చేసేది 1977లో ఏర్పడిన కోసెవిక్ అనే నిపుణుల సంఘం. 1980లో వోల్ఫ్‌గాంగ్ మాస్ అనే పరిశోధకుడు పెడిసెల్లాటమ్‌ను అరుదైన, ఆపదలో ఉన్న లైకెన్‌కు ఉదాహరణగా తీసుకుని వ్యాసం ప్రచురించాడు. ఆ కాలంలో గుర్తించిన స్థలాలకు మళ్ళీ వెళ్లి చూసినప్పుడు క్షీణత స్పష్టమైంది. 2002 నాటి అంచనా ప్రకారం నోవా స్కోషియాలో రెండు దశాబ్దాలలో 90 శాతానికి పైగా తగ్గి, 3 స్థలాలలో 13 లైకెన్లు మాత్రమే మిగిలాయి. అదే సమయానికి న్యూఫౌండ్‌లాండ్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి.

అప్పుడు కోసెవిక్ ఒక జాతికి రెండు హోదాలు ఇచ్చింది. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్‌లను కలిపి ‘అట్లాంటిక్ సముదాయం’ అని పేరుపెట్టి ‘ఆపదలో ఉన్నది’ అంది. న్యూఫౌండ్‌లాండ్‌ది ‘బోరియల్ సముదాయం’. దానికి ‘ప్రత్యేక శ్రద్ధ అవసరమైనది’ అనే తక్కువ స్థాయి హోదా ఇచ్చింది. 2014లో మళ్ళీ పరిశీలించినప్పుడూ ఈ విభజన కొనసాగింది. మొల్లిస్సిమమ్‌కు 2009లో ‘ఆపదలో ఉన్నది’ అనే హోదా వచ్చింది. దాన్ని విభజించలేదు. కెనడా మొత్తానికి ఒకే హోదా.

ఈ మాటల తేడా కేవలం కాగితం మీదిది కాదు. 2002 చివర ఆమోదం పొందిన కెనడా ఆపన్న జాతుల చట్టం ప్రకారం, ‘ఆపదలో ఉన్న’ జాతిగా చట్టపు జాబితాకెక్కిన దానికి హాని చేయడం నిషేధం. దాని పునరుద్ధరణకు ప్రణాళిక రాయాలి. ‘ప్రత్యేక శ్రద్ధ’ జాబితాలోని దానికి ఆ నిషేధాలు వర్తించవు. నిర్వహణ ప్రణాళికతో సరిపెట్టవచ్చు. నోవా స్కోషియాలో ప్రభుత్వ అడవిలో ఇలాంటి లైకెన్ దొరికితే దాని చుట్టూ నరకరాని వలయం గీస్తారు. అంటే హోదా అనే ఒక్క మాట మీద ఒక ఎకరం అడవి నిలుస్తుందా, గుజ్జుగా మారుతుందా అన్నది ఆధారపడి ఉంటుంది. అందువల్లనే అడవి కూలీ, మిల్లు యజమాని, లైకెన్ పరిశోధకుడు ముగ్గురికీ ఈ జాబితాతో పని పడింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

అ) సడ్‌బరీ చిమ్నీ ఉదాహరణ కాలుష్య నియంత్రణ చరిత్రలో ఏ సమస్యను చూపుతుంది?
ఆ) ‘ఆపదలో ఉన్నది’, ‘ప్రత్యేక శ్రద్ధ అవసరమైనది’ అనే హోదాల చట్టపరమైన ఫలితాలను పోల్చండి.

7. పోలిక మనకు ఏమి నేర్పుతుంది?

ఇప్పుడు రెండు జాతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొల్లిస్సిమమ్ ప్రపంచంలో అనేక దేశాలలో ఉంది. పెడిసెల్లాటమ్‌కు ఉన్న ఇళ్లు కొన్నే. ప్రపంచ పటం ముందు నిలబడితే పెడిసెల్లాటమ్‌దే పెద్ద కష్టం అనిపిస్తుంది. న్యూఫౌండ్‌లాండ్ పటం ముందు నిలబడితే తీర్పు తారుమారవుతుంది. అక్కడ పెడిసెల్లాటమ్ వేలల్లో ఉంది, మొల్లిస్సిమమ్ అరుదు. నోవా స్కోషియాకు వస్తే రెండూ ఆపదలోనే ఉన్నాయి. పటం మారితే తీర్పు మారింది. లైకెన్ మారలేదు.

‘అలాగైతే వేరే దేశాలలో ఉన్న మొల్లిస్సిమమ్‌ను కెనడా ఎందుకు కాపాడాలి?’ అని మీరు అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్నే. పరిధి అంచున నివసించే సముదాయాలు చలికి, వేరే చెట్లకు అలవాటుపడి ఉంటాయి. వాతావరణం మారినప్పుడు జాతి ఏ దిక్కుకు కదలగలదన్నది తరచుగా ఆ అంచు మీద ఆధారపడుతుంది. పైగా ప్రతి దేశమూ ‘పక్క దేశంలో ఉందిలే’ అనుకుంటే చివరకు ఎక్కడా మిగలదు.

మరో పాఠం వెతుకులాటకు సంబంధించినది. 2009లో అలాస్కాలోని డెనాలి ప్రాంతంలో పెడిసెల్లాటమ్ దొరికినట్టు ప్రకటించారు. రష్యాలోని కామ్చట్కాలోనూ అది దొరికింది. నోవా స్కోషియాలో కూడా, ఉపగ్రహ చిత్రాలు, పటాల సహాయంతో అనువైన చిత్తడి అంచులను గుర్తించి వెతికినప్పుడు కొత్త స్థలాలు బయటపడ్డాయి. మరి 2003 నాటి తీర్పు తప్పా? కాదు. అప్పుడు చేతిలో ఉన్న సాక్ష్యాలను బట్టి అది సరైన తీర్పు. ఆ తీర్పు వచ్చింది కాబట్టే అంతమంది వెతికారు. కొత్త చోట్ల దొరకడం వల్ల పాత చోట్ల జరిగిన నష్టం చెరిగిపోదు. అలాస్కాలో ఎన్ని ఉన్నా, నోవా స్కోషియాలో పోయినవి పోయినట్టే.

చరిత్ర విద్యార్థిగా మీరు ఏ జాబితాను చూసినా మూడు ప్రశ్నలు వేయండి. ఈ లెక్క ఏ సంవత్సరానిది? ఏ సరిహద్దుల లోపలిది? ‘లేదు’ అన్న చోట నిజంగా వెతికి లేదన్నారా, వెతకకుండా లేదన్నారా? జనాభా లెక్కలకు, భూమి రికార్డులకు వేసే ప్రశ్నలే ఇవి. లైకెన్ల జాబితాకూ ఇవి సరిపోతాయి.

8. సారాంశం

ఎరియోడెర్మా పెడిసెల్లాటమ్, ఎరియోడెర్మా మొల్లిస్సిమమ్ ఒకే ప్రజాతికి చెందిన లైకెన్లు. రెండింటినీ కాగితపు పరిశ్రమ కోసం జరిగిన నరికివేత, దూరం నుంచి వచ్చిన ఆమ్ల వర్షం దెబ్బతీశాయి. న్యూఫౌండ్‌లాండ్‌లో మూస్ మేత ఫర్ అడవి పునరుత్పత్తిని అడ్డుకుంది. వ్యాప్తి పద్ధతిలో, ఆతిథ్య వృక్షాలలో, ప్రపంచ విస్తృతిలో ఈ రెండూ భిన్నమైనవి. పెడిసెల్లాటమ్‌కు 2002లో కెనడాలో ప్రాంతాన్ని బట్టి రెండు హోదాలు, 2003లో ప్రపంచ స్థాయిలో ‘తీవ్ర ఆపద’ హోదా వచ్చాయి. మొల్లిస్సిమమ్‌కు 2009లో కెనడా స్థాయిలో ‘ఆపదలో ఉన్నది’ అనే హోదా వచ్చింది. సంరక్షణ హోదా ప్రకృతి సత్యం మాత్రమే కాదు, ఒక చారిత్రక పత్రం కూడా.

9. ముఖ్య పదాలు

లైకెన్: శిలీంధ్రం, దాని కాంతి సంశ్లేషక భాగస్వామి కలిసి జీవించే దేహం.
సొరీడియా: ఇద్దరు భాగస్వాములనూ మోసుకుపోయే పిండిలాంటి రేణువులు.
హెర్బేరియం: ఎండబెట్టిన నమూనాలను వివరాలతో భద్రపరిచే సంగ్రహాలయం.
సముదాయం: ఒక ప్రాంతంలో నివసించే ఒకే జాతి జీవుల సమూహం.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అట్లాంటిక్ కెనడాలో ఎరియోడెర్మా లైకెన్ల క్షీణతకు గల చారిత్రక కారణాలను చర్చించండి.
2. సంరక్షణ హోదా నిర్ణయంలో భౌగోళిక సరిహద్దుల పాత్రను రెండు జాతుల ఆధారంగా వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లైకెన్లను గాలి స్వచ్ఛతకు సూచికలుగా గుర్తించిన తొలి పరిశీలనలను రాయండి.
2. న్యూఫౌండ్‌లాండ్‌లో మూస్ ప్రవేశం వల్ల కలిగిన ఫలితాలేమిటి?
3. మీ ప్రాంతంలో పాత చెట్ల బెరడు మీద, రాళ్ల మీద, గుడి గోడల మీద కనిపించే లైకెన్లను పరిశీలించండి. బస్టాండు దగ్గర, ఊరి చివర కనిపించే వాటిని పోల్చి, తేదీ, స్థలం వేసి నమోదు చేయండి.